కాటన్‌పేట వంటింట్లో పసుపు మంట

మీ భార్య దేవుడి పటం ముందు నిలబడి ఒట్టు వేసి ఒక మాట చెప్పింది. మీ ఒంట్లోంచి వచ్చిన మూత్రం ల్యాబులో సరిగ్గా దానికి వ్యతిరేకమైన సాక్ష్యం చెప్పింది. మీరు ఎవరిని నమ్ముతారు?

తొందరపడకండి. భార్యను నమ్ముతానంటే మీరు మంచి భర్త అనిపించుకుంటారు, ల్యాబును నమ్ముతానంటే చదువుకున్నవారనిపించుకుంటారు. నేను ఇద్దరినీ నమ్మాను. అలా నమ్మినందువల్లే ఒక మనిషి ఈరోజు కాటన్‌పేటలో తన కొట్టు మేడ ఎక్కి కూర్చుంటున్నాడు. గుండె డాక్టరు పనంటే స్టెంటు వేసి చేతులు కడుక్కోవడమే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక, ఆ సంగతి కాస్త వివరంగానే చెబుతాను.

కోవిడ్ గొడవ సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి అది. బెంగళూరులో మా ఆసుపత్రిలో హార్ట్ ఫెయిల్యూర్ క్లినిక్ నా బాధ్యత. ఈ పేరు వినగానే జనం గుండె ఆగిపోయిందనుకుని ఏడుపు మొదలుపెడతారు. గుండె ఆగదు. దాని పంపు బలం తగ్గుతుంది. గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత భాగాన్ని బయటికి నెడుతోందో చెప్పే కొలతను ఎజెక్షన్ ఫ్రాక్షన్, పొట్టిగా ఈఎఫ్, అంటాం. ఆరోగ్యవంతుడికి అది యాభై అయిదు, అరవై ఉంటుంది. పంపు బలహీనపడితే మూత్రపిండాలు కంగారుపడి ఉప్పునూ నీటినీ ఒంట్లోనే దాచుకోవడం మొదలుపెడతాయి. కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరుతుంది, మనిషి వెల్లకిలా పడుకోలేడు.

సుబ్బరాయశెట్టిగారి ఈఎఫ్ ఇరవై అయిదు. వయసు అరవైకి దగ్గర. కాటన్‌పేటలో మూడు తరాలుగా గోనెసంచుల హోల్‌సేల్ వ్యాపారం. గుండె రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి, తాగుడు లేదు. ఎప్పుడో వచ్చిపోయిన వైరస్ కండరాన్ని దెబ్బతీసి ఉండవచ్చునన్నది మా ఊహ. ఆ ఏడాదిలో ఆయన మా వార్డుకు రావడం అది మూడోసారి. ప్రతిసారీ ఒకటే కథ. ఆయాసంతో చక్రాల కుర్చీలో వస్తారు. నీటిని బయటికి పంపే ఇంజెక్షన్లు ఇస్తాం. వారం తిరిగేసరికి కాళ్ళు సన్నబడి, వార్డులో అటూ ఇటూ నడుస్తూ నర్సులతో బేరాల కబుర్లు చెబుతారు. ఇంటికి పంపిస్తాం. కొన్ని వారాలకు మళ్ళీ చక్రాల కుర్చీ.

ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "మాళిగ ఎక్కల్ల డాక్టరమ్మా. అంతే. ఇంగేమీ వద్దు."

మాళిగ అంటే కొట్టు పైన చెక్కమెట్ల మేడ. గోనెకట్టలు అక్కడే విప్పి, చినిగినవి వేరుచేసి, మళ్ళీ కడతారు. వాళ్ళ నాన్న అక్కడే కూర్చున్నారు, ఈయనా అక్కడే కూర్చున్నారు. జబ్బు వచ్చినప్పటినుంచి కింద గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "కింద కూచుంటే పొయ్యేటోడూ వచ్చేటోడూ ఆరోగ్యం ఎట్లుండాది శెట్టీ అని అడుగుతా ఉండాడు. గోనె రేటెంత అని అడిగేటోడే లేడప్పా," అన్నారాయన ఒకసారి ఈసీజీ తీస్తున్న టెక్నీషియన్‌తో.

ఆ మూడో రాకతో ఆయన ముందు రెండు దారులు తెరుచుకున్నాయి, రెండూ తప్పు దారులే. మొదటిది మాది. పూర్తి మందులు ఇస్తున్నా మాటిమాటికీ నీరు చేరే రోగిని మా భాషలో అడ్వాన్స్‌డ్ హార్ట్ ఫెయిల్యూర్ అంటాం, అంటే మాత్రలకు లొంగని దశ. తరవాతి మెట్టు గుండె మార్పిడికి పేరు రాయించడం. మా వారపు సమావేశంలో ఆ మాట వచ్చేసింది. ఆయన కేస్‌షీట్ మీద ఎవరో "డైట్ పాటించడు" అని కూడా రాసి ఉంచారు. ఆ రెండు ముక్కలు రాసేసి చేతులు దులుపుకునే అలవాటు మా వృత్తిలో ఒక జబ్బు. రోగి ఏం పాటించాడో, ఏం పాటించలేదో, ఎందుకో అడగకుండానే వేసే శిక్ష అది.

రెండో దారి శెట్టిగారి బావగారిది. పేరు నాగభూషణం. శెట్టిగారి భార్య రత్నమ్మకు అన్న. అదే వీధి చివర పచారీ, పూజాసామగ్రి కొట్టు. గంధపు బొట్టు, నున్నగా దువ్విన తెల్లజుట్టు, ఎదుటివాడి మాట పూర్తికాకముందే జవాబు సిద్ధంగా ఉండే మనిషి. నా గదికి వచ్చి కుర్చీ జరుపుకుని కూర్చుని ఇలా అన్నారు:

"చూడమ్మా, నువ్వు చిన్నదానివి, కోపగించుకోవద్దు. ఆసుపత్రిలో ఉంటే మా బావ బాగుంటాడు. ఇంటికొస్తే ఉబ్బుతాడు. మాత్రలు అవే, మనిషి ఆయనే. మారిందేంది? ఇల్లు. ఇంట్లో దోషం ఉండాది."

పరిశీలనకు నూటికి నూరు మార్కులు వేయాల్సిందే. ముగింపు దగ్గరే బండి గోతిలో పడింది. ఆయన అప్పటికే ఒక వాస్తు మనిషిని తెచ్చి ఇల్లంతా తిప్పారట. వంటిల్లు ఉండకూడని మూల ఉందని, గోడ పగలగొట్టి పొయ్యి జరపాలని ఆ మనిషి తేల్చాడు. ఆషాఢం రాకముందే పని మొదలుపెట్టాలి. పని జరిగినన్నాళ్ళూ శెట్టిగారిని తుమకూరు రోడ్డులో ఒక ఆశ్రమంలో ఉంచుతారు. అక్కడ కషాయం తప్ప వేరే మందు లోపలికి రానివ్వరు. అంటే మా మాత్రలన్నీ ఒక్కరోజులో ఆగిపోతాయి. ఇరవై అయిదు ఈఎఫ్ ఉన్న గుండెకు ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. ఆశ్రమంలో పోయినవాళ్ళ లెక్క ఎవరూ చెప్పరు, బాగుపడ్డవాళ్ళ కథలు మాత్రం ఊరంతా తిరుగుతాయి.

నేను హిందూపురంలో పెరిగాను. మా నాన్న హైస్కూలు మాస్టారు, శాస్త్ర ప్రచార సభలంటే ప్రాణం. నిప్పుల మీద నడక, నాలుకకు శూలం, చేతిలోంచి విభూది, ఇవన్నీ వీధి మధ్యలో చేసి చూపించి ఎలా చేశారో విప్పి చెప్పేవారు. వాదనకు దిగినవాళ్ళను ఎన్నడూ వెక్కిరించేవారు కాదు. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని తీర్మానించేముందు, మనం అడిగిన ప్రశ్న సరిగ్గా ఉందో లేదో చూసుకోమనేవారు. డాక్టరునయ్యాక నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చిన చదువు అదే.

శెట్టిగారు ఇంటికి వెళ్ళి, బరువు కొన్నాళ్ళు నిలకడగా ఉన్నప్పుడు ఒక పరీక్ష చేయించాను. ఇరవై నాలుగు గంటల మూత్రమంతా ఒక డబ్బాలో పట్టి, అందులో సోడియం ఎంత పోయిందో కొలుస్తారు. మనం తినే ఉప్పులో గుండెను ఇబ్బంది పెట్టే సరుకు ఈ సోడియమే. లోపలికి వెళ్ళింది దాదాపుగా అటునుంచే బయటికి రావాలి కనుక, మనిషి ఎంత ఉప్పు తింటున్నాడో ఆ డబ్బా చెబుతుంది. ఇంట్లో ఉప్పు పూర్తిగా మానేశామని వాళ్ళు చెప్పారు. డబ్బా మాత్రం ఆయన మామూలు మనిషికన్నా ఎక్కువే తింటున్నారంది.

నా జూనియర్ డాక్టర్ ఇమ్రాన్ కర్నూలు మనిషి, చురుకైనవాడు. మొదట అడగాల్సిన ప్రశ్నే అడిగాడు: నీటి మాత్రలు ఉప్పును కూడా తోసేస్తాయి కదా, అందువల్ల ఎక్కువ కనిపించిందేమోనని. బరువు తగ్గుతూ ఉంటే అలా అనుకోవచ్చు, నిలకడగా ఉంటే కుదరదు; పోయినంతా మళ్ళీ లోపలికి వస్తోందన్నమాట. అది ఒప్పుకున్నాక అతను రెండో మాట అన్నాడు. "అయితే ఆవిడ అబద్ధం చెబుతోంది మేడమ్."

రత్నమ్మను పిలిపించాను. బక్కపలచటి మనిషి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. రిపోర్టు సంగతి చెప్పగానే మొహం ఎర్రబడింది.

"మా అత్తగారి కాలం ఉప్పుజాడీ అమ్మా అది. ఎత్తి పనామెకి ఇచ్చేసినా. ఆయప్ప తిననిది నాకేంటికని నేనూ మానేసినా. దేవుని ముందర నిలబడి చెప్తా ఉండాను, మా వంటింట్లో ఒక్క ఉప్పురాయి లేదు. మీ డబ్బా ఏమన్నా చెప్పనీ."

ఆ కళ్ళు అబద్ధమాడే కళ్ళు కావు అని నేను రాయను. కళ్ళు చూసి తీర్పు చెప్పడం కూడా మూఢనమ్మకమే. నేను చూసింది వేరు. ఆవిడకు అబద్ధమాడవలసిన అవసరం ఏదీ లేదు. భర్త బతకాలని ఆవిడకున్నంత పట్టుదల ఆ గదిలో ఇంకెవరికీ లేదు. సోడియం గాల్లోంచి రాదు. సాక్షులిద్దరూ నిజమే చెబుతూ పొంతన కుదరలేదంటే, తప్పు ప్రశ్నలో ఉంది. అప్పటిదాకా మా వాళ్ళందరూ ఆవిడను అడిగింది ఒకటే ప్రశ్న: "ఉప్పు వేస్తున్నారా?" దానికి అవును, కాదు తప్ప వేరే జవాబుకు చోటు లేదు.

"సరే రత్నమ్మగారూ, ఉప్పు సంగతి వదిలేయండి," అన్నాను. "నిన్న మీ ఇంట్లో చారు పెట్టారా? ఎట్లా పెట్టారో పొయ్యి వెలిగించినకాడినుంచి చెప్పండి."

డాక్టరు చారు గురించి అడగడం ఆవిడకు వింతగా తోచింది. అయినా వంట మాట ఎత్తగానే చేతులు సంచి మీదనుంచి లేచాయి. "చారుకేముందమ్మా. చింతపండు నానేసి పిసికి, టమేటా నలిపి, ఎసరు పెట్టేది. పసుపు, చారుపొడి ఏసేది. సైంధవం ఏసి, పొంగు రాంగానే దించి, తిరగవాత పెట్టేది."

ఇమ్రాన్ రాసుకుంటున్న పెన్ను ఆగింది. నేను మామూలు గొంతుతోనే అడిగాను. "సైంధవం ఎంత వేస్తారు?"

"చేతికి వచ్చినంత. ఉప్పంత ఘాటు ఉండదు కదా, స్వల్ప ఎక్కువే పడతాది."

"అది ఉప్పు కాదా అమ్మా?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "సైంధవం ఉప్పెట్లా అవుతాది? ఏకాదశికి ఉప్పు తినకూడదు, సైంధవం తినొచ్చు. రెండూ ఒకటే అయితే మా అమ్మ చేసిన ఉపవాసాలన్నీ ఏమైనట్టు?"

అదీ సంగతి. సైంధవం అంటే గనుల్లోంచి తవ్వి తీసే రాతి ఉప్పు. వాళ్ళ ఇళ్ళల్లో తరతరాలుగా ఉపవాసం రోజున ఉప్పు నిషిద్ధం, సైంధవం పవిత్రం. "ఉప్పు మానేయండి" అని డాక్టరు చెప్పగానే ఆ ఇల్లాలు దానికి తనకు తెలిసిన అర్థమే చెప్పుకుంది. రోజూ ఏకాదశే అనుకుంది. భర్త ప్రాణం కోసం ఏడాది పొడవునా ఉపవాసపు వంట వండింది, తానూ అదే తింది. ఇంతకన్నా నిష్ఠగా డాక్టరు మాట పాటించిన మనిషిని నేను చూడలేదు. ఆ నిష్ఠే ప్రతి ముద్దలోనూ ఆయన ఒంట్లోకి నీరు దించింది. మా కేస్‌షీట్ ఆ ఇంటి గురించి "డైట్ పాటించడు" అని రాసింది.

రత్నమ్మకు చెప్పాను: రెండూ ఒకటే, రెండింటిలోనూ ఉన్నది సోడియం క్లోరైడే అని. ఆవిడ తల ఊపింది కానీ నమ్మలేదు. సాయంత్రానికి నాగభూషణం ఫోను చేశారు. ఆ సైంధవం తన కొట్టులోంచే వెళుతోందనీ, బావ కోసం మేలిరకం గులాబీరంగు రాయి ఏరి పంపుతున్నాననీ, కొండల్లో పుట్టిన సైంధవాన్ని సముద్రపు ఉప్పుతో కలిపి మాట్లాడటం తెలియనితనమనీ అన్నారు. ఋషులు తిన్నది అది అన్నారు. ఋషుల మూత్రం ఎవరూ పరీక్షించలేదు నాగభూషణంగారూ, మీ బావది నేను పరీక్షించాను అన్నాను. ఆయన "మాటలొద్దు, చూపించు," అన్నారు.

మా నాన్న నాకు నేర్పిన భాష అది. చూపిస్తానన్నాను. మీ ఇంట్లో, మీ పొయ్యి మీద, మీ రాయితోనే చూపిస్తాను. రుజువైతే గోడ జోలికి పోకూడదు, ఒక్క మాత్ర ఆపకూడదు, నేను చెప్పిన వంటే వండాలి. రుజువు కాకపోతే మీ దారికి నేను అడ్డు రాను. ఆయన సై అన్నారు.

ఆదివారం పొద్దున కాటన్‌పేట వెళ్ళాను. ఆ సందులో కారు దూరదు. కట్టలు మోసే బండ్ల మధ్యనుంచి నడిచి వెళ్ళాలి. పాత ఇల్లు, కింద కొట్టు, వెనక కాపురం. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసి శెట్టిగారిని కూర్చోబెట్టారు. కాళ్ళు అప్పటికే చీలమండల దగ్గర ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. నాగభూషణం పట్టుగుడ్డలో చుట్టి తెచ్చిన రాయిని పీట మీద పెట్టారు. నేను దారిలో ఒక అంగడిలో కొన్న మామూలు ఉప్పు ప్యాకెట్టు దాని పక్కన పెట్టాను. రత్నమ్మ ఆ ప్యాకెట్టును కాస్త అవతలికి జరిపింది.

స్కూలు ల్యాబులో ఇది పిల్లలకు చూపించే పరీక్షే. ఏ పదార్థంలో సోడియం ఉన్నా, దాన్ని నీలిమంటలో పెడితే మంట పచ్చటి బంతిపువ్వు రంగుకు తిరుగుతుంది. సన్నటి స్టీలు గరిటె ఒకటి అడిగి, శుభ్రంగా కడిగి, దాని కొనను గ్యాసుమంటలో పెట్టి మంట పూర్తిగా నీలంగా మిగిలేదాకా కాల్చాను. అందరినీ వంగి చూడమన్నాను. నీలం. తరవాత ప్యాకెట్టులోని ఉప్పు చిటికెడు గరిటె కొనకు అంటించి మంటలో పెట్టాను. భగ్గున పసుపు.

"అది మీ ఉప్పు," అన్నారు నాగభూషణం. "దీన్ని నేను పెడతా."

గరిటె తనే కడిగారు. తనే కాల్చారు. నా మీద అనుమానంతో కొళాయి నీళ్ళు కాదని తాగే నీళ్ళతో మళ్ళీ కడిగారు. నీలం వచ్చేదాకా ఓపిగ్గా పట్టుకున్నారు. అప్పుడు రాయిని రోట్లో తట్టి, గులాబీరంగు పొడి వేలితో తీసి, కొనకు అద్ది, మంటలోకి జరిపారు.

అదే పసుపు. వంటింటి గోడ మీద, రత్నమ్మ మొహం మీద, ఆయన గంధపు బొట్టు మీద అదే పసుపు.

ఆయన గరిటె తీసి, కడిగి, ఉత్త గరిటెను మళ్ళీ మంటలో పెట్టారు. నీలం. మళ్ళీ పొడి అద్దారు. పసుపు. ముందు నవ్వింది గుమ్మంలో కూర్చున్న మనిషే. ఆయాసంతో మాట తెగుతున్నా నవ్వు ఆపుకోలేకపోయారు.

"బావా, నీ ఋషులదీ అంగడి ప్యాకెట్టుదీ ఒకటే మంటప్పా. సుమ్నే, ఉత్తపుణ్యానికి, నాకు ఏడాదిగా ఏకాదశి చేయిస్తా ఉండావు."

నాగభూషణం పొయ్యి కట్టేశారు. "రంగు?" అన్నారు నా వైపు తిరిగి, ఆఖరి ప్రయత్నంగా. అది ఇనుము మలినంగా కలిసినందువల్ల వచ్చిన రంగని చెప్పాను. తుప్పుకు వచ్చే రంగు లాంటిదే. ఆయన ఆ రాయిని మళ్ళీ పట్టుగుడ్డలో చుట్టలేదు. "ఆ వాస్తోడు చెప్పింది సగం నిజమే ఐంది," అన్నారు. "దోషం వంటింట్లోనే ఉండాది." నేను కాదనలేదు. వంటింట్లోనే ఉంది, మూలలో కాదు, సైంధవం డబ్బాలో.

రత్నమ్మ మాత్రం పీట మీది రాయినే చూస్తోంది. ఆవిడ మనసులో ఏం తిరుగుతోందో ఊహించడం కష్టం కాదు. ఏడాదిగా తన చేత్తోనే వడ్డించింది కదా. నేను చెప్పాను: "మీరు మా మాట అక్షరాలా పాటించారు. మేమే మాట సరిగ్గా చెప్పలేదు. ఈ పట్టుదలే ఇప్పుడు నాకు కావాలి." ఆవిడ సైంధవం డబ్బా తీసి అన్న చేతికిచ్చింది. "దేవునికి పెట్టుకో అన్నా. మా యింటికి వద్దు."

ఆ తరవాత జరిగింది చూడముచ్చటైన విజయం. రత్నమ్మ తన వంటనంతా తిరగరాసింది. చారులో నిమ్మకాయ, మిరియం, ఉప్పులేని వేరుశనగపొడి, దంచిన వెల్లుల్లి, పుదీనా. మొదటి వారం శెట్టిగారు కంచం తోసేశారట, మాళిగ గుర్తుచేసిందట. రెండోసారి మూత్రపరీక్షలో సోడియం సగానికి పైగా పడిపోయింది. కాళ్ళు తగ్గాయి. నీటి మాత్ర మోతాదు తగ్గించాను. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఉప్పు తగ్గినందువల్ల గుండె బాగుపడలేదు. గుండె కండరాన్ని కోలుకునేలా చేసే మందులు వేరే ఉన్నాయి. ఒంట్లో నీరు ఆటుపోట్లలా వచ్చిపోతుంటే వాటిని పూర్తి మోతాదుకు పెంచడం మాకు కుదరలేదు. ఇప్పుడు కుదిరింది. మెల్లమెల్లగా ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయాను. ఏ మందులను ఆశ్రమంలో ఆపేయబోయారో ఆ మందులే పనిచేశాయి. వాటికి పనిచేసే అవకాశం వంటిల్లు ఇచ్చింది.

మధ్యలో నాగభూషణం మరో ప్రమాదం తెచ్చిపెట్టబోయారు. ఈసారి సైన్సు పక్షాన నిలబడి. "తక్కువ సోడియం" అని రాసి ఉన్న ఖరీదైన ఉప్పు ప్యాకెట్టు పట్టుకొచ్చారు. అందులో సోడియం బదులు పొటాషియం ఎక్కువగా ఉంటుంది. శెట్టిగారు వాడే మాత్రలతో కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. అదృష్టవశాత్తూ ఇంటికి చేర్చకముందే ఫోను చేశారు. "మంటలో పెట్టి చూసినా డాక్టరమ్మా, పసుపు తక్కువే వస్తా ఉండాది, మంచిదేనా?" అని అడిగారు. వద్దన్నాను, కారణం చెప్పాను. కారణం చెబితే వినే మనిషి ఆయన. మన దేశంలో అలాంటివాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళకు కారణం చెప్పేవాళ్ళే కరువు.

మరుసటి ఏడాది ఉగాది దాటాక తీసిన ఎకో స్కానింగులో ఈఎఫ్ నలభై అయిదు దాటింది. మార్పిడి మాట కేస్‌షీట్‌లో కొట్టేశాను. ఆసుపత్రి మెట్ల మీద ఇమ్రాన్‌ను తోడుంచి ఆయనను నడిపించి చూసి, మాళిగ ఎక్కవచ్చునన్నాను. బరువులు మాత్రం ఎత్తకూడదన్నాను. ఆయన ఎక్కేరోజు నన్నూ రమ్మన్నారు, వెళ్ళాను. చెక్కమెట్లు నిటారుగా ఉన్నాయి. రత్నమ్మ వెనకాల, నాగభూషణం ముందర. సగంలో ఆగి ఊపిరి పీల్చుకుంటారేమోనని నాగభూషణం చెయ్యి చాపితే, శెట్టిగారు ఆ చేతిని పక్కకు తోసి, "జరుగప్పా, దోవకు అడ్డం ఉండావు," అన్నారు. పైకెక్కి గోనెకట్ట మీద కూర్చున్నారు. కింద ఎవరో గిరాకీ తల పైకెత్తి రేటు అడిగాడు. ఆయన రేటు చెప్పారు. ఎక్కువే చెప్పారని నాగభూషణం తరవాత నాతో గుసగుసలాడారు.

ఈ కేసు నా పనిని మార్చేసింది. మా క్లినిక్‌లో హార్ట్ ఫెయిల్యూర్ రోగుల వివరాలన్నీ పరిశోధన కోసం రిజిస్ట్రీలో చేరుస్తాం. అందులో ఉప్పు గురించి ఉన్న అవును-కాదు ప్రశ్నను తీసేయించాను. దాని బదులు, రోగి ఇంట్లో వండే మనిషిని వాళ్ళ భాషలోనే నిన్నటి వంట మొదటినుంచి చెప్పమంటాం. ఇంట్లో ఉప్పగా ఉండేవన్నీ, పేరు ఏదైనా సరే, సంచిలో వేసుకు రమ్మంటాం. వంటింటి ముచ్చట్లు కూడా పరిశోధనేనా అని మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. తరవాత సంచులు విప్పడం మొదలైంది. జిగణిలో ఫ్యాక్టరీకి వెళ్ళే ఒకావిడ నీరసం పోవడానికని రోజూ రెండుపూటలా ఓఆర్ఎస్ నీళ్ళు తాగుతోంది; అది ఆవిడ లెక్కలో శక్తిపొడి. హెబ్బగోడిలో గది అద్దెకు తీసుకుని ఉండే అనంతపురం తాపీమేస్త్రీ గ్యాసుకని రోజూ వంటసోడా మింగుతున్నాడు. అది ఆయన లెక్కలో మందు. ఊరగాయ, వడియాలు, మజ్జిగ మిరపకాయ ఎవరి లెక్కలోనూ ఉప్పు కావు. ఒక వృత్తి సమావేశంలో ఈ సంగతులు చెప్పినప్పుడు ముందు వరసలో బాగా నవ్విన పెద్ద డాక్టరే, కాఫీవేళ నా దగ్గరికి వచ్చి ఆ ప్రశ్నలు పంపమన్నారు. ఇప్పుడు వాళ్ళ క్లినిక్‌లోనూ సంచులు విప్పుతున్నారు. అలా ఉప్పు సంగతి బయటపడ్డవాళ్ళలో కొందరు, మార్పిడి దాకా వెళ్ళబోయినవాళ్ళు, మాత్రలతోనే నడిచి ఇంటికి వెళ్ళారు.

హార్ట్ ఫెయిల్యూర్‌లో ఉప్పు ఎంతవరకు తగ్గించాలన్నదాని మీద మా వృత్తిలో ఇంకా వాదనలు నడుస్తున్నాయి. నడవనివ్వండి, వాదన లేని సైన్సు మతమవుతుంది. కానీ తాను ఎంత తింటున్నాడో మనిషికి తెలియకపోవచ్చునన్నదాంట్లో వాదనకు చోటు లేదు. రత్నమ్మకు లోపించింది చదువూ కాదు, క్రమశిక్షణా కాదు. పవిత్రమని పేరు పెట్టగానే ఆ వస్తువును ప్రశ్నించడం మానేసే అలవాటు ఆవిడకు మనందరమూ కలిసి నేర్పాం. పేరు మారితే పదార్థం మారదు. కొండల్లో పుట్టినా, సముద్రంలో పుట్టినా, పట్టుగుడ్డలో చుట్టినా సోడియం సోడియమే.

ఇక మీ వంతు. మీ ఇంట్లో గుండె బలహీనపడినవాళ్ళు, రక్తపోటు ఉన్నవాళ్ళు ఎవరున్నా సరే, ఇది చదవడం ఆపి లేవండి. వంటింట్లోకి వెళ్ళండి. వండుతున్న మనిషిని నిన్నటి చారు మొదటినుంచి చెప్పమనండి, మధ్యలో అడ్డుపడకండి. మీరు ఉప్పు అని పిలవని ఉప్పులన్నిటినీ బయటికి తీసి సంచిలో వేయండి. ఆ సంచిని ఈ వారమే మీ డాక్టరు బల్ల మీద బోర్లించండి, మూత్రంలో సోడియం పరీక్ష అవసరమా అని ఆయనను నిలదీసి అడగండి. ఆయన చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపకండి. ఇంట్లో ఎవరైనా ఇది మామూలు ఉప్పు కాదని వాదిస్తే వాళ్ళతో గొడవ పడకండి. గరిటె కడిగి వాళ్ళ చేతికివ్వండి, పొయ్యి వెలిగించండి.